ఇంగ్లండ్‌లో ఇల్లు అమ్ముతున్నా, అద్దెకిస్తున్నా: ఈపీసీ ఎవరితో, ఎప్పుడు చేయించుకోవాలి?

ఇంగ్లండ్‌లో ఇల్లు కొన్న మనవాళ్లకి ఈపీసీ (ఎనర్జీ పెర్ఫార్మెన్స్ సర్టిఫికెట్) అనే మాట రెండుసార్లే గుర్తొస్తుంది. కొన్నప్పుడు సొలిసిటర్ పంపిన కాగితాల కట్టలో ఒకసారి. పదేళ్లు గడిచాక ఆ ఇల్లు అద్దెకో అమ్మకానికో పెడదామనుకుంటే ఏజెంట్ ఫోన్ చేసి "మీ ఈపీసీ ఎక్స్‌పైర్ అయిపోయింది, మేమే చేయించేయమంటారా" అని అడిగినప్పుడు ఇంకోసారి. ఆ రెండో ఫోన్‌కి చాలామంది "సరే, కానివ్వండి" అనేస్తారు. నేనూ అనేశాను. 144 పౌండ్లు కట్టాను, డీ గ్రేడు వచ్చింది, మూడు నెలల తర్వాత అదే ఇంటికి, ఒక్క మేకు కూడా కొట్టకుండా, సీ గ్రేడు తెచ్చుకున్నాను. ఎలాగో కింద చెబుతాను. ముందు అసలు సంగతి.

ఈపీసీ అంటే ఇంటికి వేసే ఎనర్జీ మార్కుల పత్రం. ఫ్రిజ్ మీద, ఏసీ మీద స్టార్లు చూసి కొనడం మనకి అలవాటే కదా, ఇది ఇంటి మొత్తానికి అలాంటి లెక్క. హైదరాబాద్‌లో ఫ్లాట్ అమ్మేటప్పుడు ఇలాంటిది ఎవరూ అడగరు కాబట్టి మనకి దీని మీద పెద్ద పట్టింపు ఉండదు, ఏదో ఫార్మాలిటీ అనుకుంటాం. ఇక్కడ 2007 నుంచీ అమ్మకాలకి, 2008 అక్టోబర్ నుంచి అద్దెలకి తప్పనిసరి. నూటికి లెక్కేసి మార్కులిస్తారు: 92, ఆపైన ఏ, 81 నుంచి బీ, 69 నుంచి సీ, 55 నుంచి డీ, 39 నుంచి 'ఈ', 21 నుంచి ఎఫ్, 20, అంతకన్నా తక్కువైతే జీ. ఒకసారి చేయిస్తే పదేళ్లు చెల్లుతుంది.

అమ్మేవాళ్లకి గ్రేడు ఎంతొచ్చినా చట్టపరంగా ఇబ్బంది లేదు, జీ వచ్చినా అమ్ముకోవచ్చు, కాగితం ఉంటే చాలు. అద్దెకిచ్చేవాళ్ల కథ వేరు. 2018 ఏప్రిల్ నుంచి కొత్త అద్దెలకి, 2020 ఏప్రిల్ నుంచి అన్ని అద్దె ఇళ్లకి కనీసం 'ఈ' గ్రేడు ఉండాలి. ఎఫ్, జీ ఇళ్లని మినహాయింపు రిజిస్టర్ చేయించుకోకుండా అద్దెకిస్తే కౌన్సిల్ ఒక్కో ఇంటికి 5,000 పౌండ్ల దాకా జరిమానా వేయొచ్చు. దీన్ని సీ గ్రేడుకి పెంచాలన్న మాట ఏళ్లుగా నలుగుతోంది. 2023 సెప్టెంబర్‌లో అప్పటి ప్రధాని రిషి సునాక్ ఆ ఆలోచన మానుకున్నామన్నారు, తర్వాత వచ్చిన లేబర్ ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో మళ్లీ బయటికి తీసి 2030 కల్లా అద్దె ఇళ్లన్నీ సీకి రావాలని ప్రతిపాదించింది. ఖర్చు పరిమితి ఎంత, ఏ తేదీ నుంచి అనే వివరాలు అటూఇటూ మారుతూ ఉంటాయి, పనులు మొదలుపెట్టే ముందు ప్రభుత్వ వెబ్‌సైట్ గవ్ డాట్ యూకేలో ఒకసారి చూసుకోండి. కానీ గాలి ఎటు వీస్తోందో తెలుస్తూనే ఉంది: అద్దెకిచ్చే ఇంటికి సీ గ్రేడు కావాలి.

## ఎంచుకునే ముందు ఏం చూసుకోవాలి

అందరూ మొదట ధర చూస్తారు. నిజానికి ఇందులో ధర అన్నిటికన్నా చిన్న విషయం, తేడా యాభై, అరవై పౌండ్లే. అసలు చూడాల్సినవి ఇవి.

మొదటిది, మీకు కావాల్సింది కాగితమా, మార్కులా? రెండు వారాల్లో ఇల్లు అమ్మకానికి పెట్టేవాడికి కాగితం చాలు. 2030 తర్వాత కూడా అద్దెకివ్వాలనుకునేవాడికి మార్కులు ముఖ్యం. ఈ ఒక్కటి తేల్చుకుంటే సగం టెన్షన్ పోతుంది.

రెండోది, ఇంట్లో కనపడకుండా ఉన్నవాటికి మీ దగ్గర రుజువు ఉందా. గోడలో నింపిన ఇన్సులేషన్, నేల కింద వేసిన షీట్లు, అటక మీద బోర్డుల కింద ఉన్న దూది ఇలాంటివన్నమాట.

మూడోది, ఇప్పుడున్న గ్రేడు ఏ గీతకి ఎంత దగ్గరలో ఉంది. 67 మార్కుల డీకీ 56 మార్కుల డీకీ పైకి ఒకేలా కనిపించినా మధ్యలో వేల పౌండ్ల తేడా ఉండొచ్చు.

నాలుగోది టైమ్. ఇల్లు మార్కెట్‌లో పెట్టేలోపే ఈపీసీ ఆర్డర్ ఇచ్చి ఉండాలి, ప్రకటనలో గ్రేడు కనపడాలి. మార్కెట్‌లో పెట్టాక వారంలో కాగితం రాకపోతే, నిజంగా ప్రయత్నించారని చూపిస్తే ఇంకో 21 రోజులు గడువుంటుంది. అంతకు మించి సాగదీయడానికి లేదు.

## ఉన్న దారులు

### ఒకటి: పాత ఈపీసీతోనే నెట్టుకురావడం

ఎవరికీ ఒక్క పౌండు కూడా ఇవ్వకముందు గవ్ డాట్ యూకేలో ఎనర్జీ సర్టిఫికెట్ రిజిస్టర్ తెరిచి మీ పోస్ట్‌కోడ్ కొట్టండి. ఫ్రీ. మీ ఇంటిదే కాదు, వీధిలో వాళ్లందరివీ కనిపిస్తాయి. గడువు ఇంకా ఉంటే, గ్రేడు మీకు సరిపోతే పని అయిపోయినట్టే, ఏజెంట్ "ఫ్రెష్‌గా చేయిస్తే బాగుంటుంది" అన్నా అక్కర్లేదని చెప్పండి.

ఇందులో ఒక మెలిక ఉంది. 2025 జూన్ 15 నుంచి పాత ఇళ్లకి మార్కులేసే పద్ధతి మారింది. దాన్ని ఆర్డీశాప్ 10 అంటారు. ఇదివరకు ఇంటికొచ్చి మార్కులేసే అసెసర్ కిటికీలు ఈ ఇంటికి మామూలుగా ఉన్నాయా, ఎక్కువున్నాయా అని రాసి ఊరుకునేవాడు, ఇప్పుడు ప్రతి కిటికీనీ కొలవాలి. ఇంకా చాలా ఊహాలెక్కలు మారాయి. అంటే మీరు ఇంట్లో ఏమీ మార్చకపోయినా మార్కులు పెరగొచ్చు, తగ్గొచ్చు. పైగా కొత్తది రిజిస్టర్‌లో ఎక్కిందంటే అదే లెక్క, పాతదే బాగుంది కదా దాన్నే వాడుకుంటా అంటే కుదరదు. కాబట్టి చేతిలో 70 మార్కుల సీ ఉండి, ఇంకా నాలుగేళ్లు గడువున్నవాడు సరదాకి కొత్తది చేయించుకోవడం అనవసరమైన రిస్క్.

టెనెంట్ ఉండగా మధ్యలో గడువు ముగిస్తే ఇప్పటి నిబంధనల ప్రకారం ఆ రోజే పరిగెత్తాల్సిన పనిలేదు. మళ్లీ కొత్తవాళ్లకి ఇచ్చేటప్పుడో అమ్మేటప్పుడో కావాలి.

### రెండు: ఏజెంట్ ప్యాకేజీ

ఫొటోలు, ఫ్లోర్ ప్లాన్, ఈపీసీ అన్నీ కలిపి ఒక బిల్లు. సుఖం ఉంది, కాదనను. తాళం వాళ్ల దగ్గరే ఉంటుంది, మీరు ఆఫీసు మానుకోవాల్సిన పనిలేదు. కానీ అసెసర్ వచ్చినప్పుడు ఆ ఇంటి గురించి తెలిసినవాళ్లు ఎవరూ పక్కన ఉండరు. ఏజెంట్ కుర్రాడు తలుపు తీసి ఫోన్ చూసుకుంటూ నిలబడతాడు. గోడలో ఇన్సులేషన్ ఉందా అని అసెసర్ అడిగితే ఆ కుర్రాడికేం తెలుసు?

నాకు జరిగింది అదే. నేను కట్టిన 144 పౌండ్లలో ఇంటికొచ్చి పని చేసిన మనిషికి అందింది సగం కూడా కాదని తర్వాత ఆయనే చెప్పాడు.

### మూడు: మీరే అసెసర్‌ని పిలవడం

డొమెస్టిక్ ఎనర్జీ అసెసర్ అంటారు. ఎల్మ్‌హర్స్ట్, స్ట్రోమా, క్విడోస్ లాంటి గుర్తింపు స్కీమ్‌లలో ఏదో ఒకదానిలో సభ్యుడై ఉండాలి. మీ ఏరియాలో ఉన్నవాళ్ల పేర్లు అదే గవ్ డాట్ యూకే రిజిస్టర్‌లో పోస్ట్‌కోడ్ కొడితే వస్తాయి. మామూలు రెండు, మూడు బెడ్‌రూమ్‌ల ఇంటికి 60 నుంచి 120 పౌండ్ల మధ్య అడుగుతారు, లండన్‌లో కొంచెం ఎక్కువే.

చాలామందికి నేను చెప్పే దారి ఇదే. చవక అని కాదు, వచ్చేవాడితో మీరే నేరుగా మాట్లాడొచ్చని. ముందురోజు ఫోన్‌లో ఏ కాగితాలు చూపిస్తే ఒప్పుకుంటారని అడగొచ్చు, అవి తీసి టేబుల్ మీద పెట్టొచ్చు.

ఒక జాగ్రత్త. ఇంటికి రాకుండా నాలుగు ఫొటోలు వాట్సాప్ చేయండి, సాయంత్రానికి సర్టిఫికెట్ ఇచ్చేస్తా అనేవాళ్లు ఎదురైతే దూరంగా ఉండండి. పాత ఇంటి ఈపీసీకి మనిషి ఇంట్లోకొచ్చి చూడాలి, ఫొటోలు తీసుకుని భద్రపరచాలి, ఆ స్కీమ్ వాళ్లు ఎప్పుడైనా ఆడిట్ చేస్తారు. అలా తీసుకున్న కాగితం రద్దయితే అమ్మకం మధ్యలో మీరే ఇరుక్కుంటారు.

### నాలుగు: ముందు డ్రాఫ్ట్, తర్వాత పనులు, చివర్లో సర్టిఫికెట్

ఇది మూడో దారికే కొంచెం పొడిగింపు. అసెసర్ వస్తాడు, అంతా కొలుస్తాడు, సాఫ్ట్‌వేర్‌లో వేస్తాడు, కానీ రిజిస్టర్‌లో ఎక్కించకుండా ఆపుతాడు. "ఇప్పుడైతే 63 వస్తోంది. అటకలో 270 మిల్లీమీటర్లు వేస్తే ఇంత, థర్మోస్టాట్ పెడితే ఇంత" అని మీ ఇంటి అంకెలతోనే లెక్క చెబుతాడు. మీరు పనులు చేయించి కబురు పెడితే వచ్చి చూసి అప్పుడు ఎక్కిస్తాడు. రెండోసారి రావడానికి ఇంకో ముప్పై, నలభై పౌండ్లు తీసుకుంటారు, కొందరు అసలు ఈ పద్ధతికే ఒప్పుకోరు.

సీ గీతకి నాలుగైదు మార్కుల దూరంలో ఉన్న ల్యాండ్‌లార్డ్‌కి ఇంతకన్నా మంచి బేరం లేదు. లేకపోతే జరిగేది ఏంటంటే, ఎవరో బిల్డర్ చెప్పాడని ఆరు వేలు పెట్టి కిటికీలన్నీ మార్పిస్తారు, తీరా చూస్తే రెండు, మూడు మార్కులు పెరుగుతాయి. పాత డబుల్ గ్లేజింగ్ తీసి కొత్త డబుల్ గ్లేజింగ్ పెట్టడం మార్కుల పరంగా బాగా నష్టమైన పని. చలి తగ్గుతుంది, చప్పుడు తగ్గుతుంది, అది వేరే సంగతి.

### ఐదు: పూర్తిస్థాయి రెట్రోఫిట్ అసెస్‌మెంట్

రెట్రోఫిట్ అంటే పాత ఇంటిని ఎనర్జీ తక్కువ ఖర్చయ్యేలా బాగుచేయడం. ఇది అసలు వేరే జాతి. పాస్ 2035 అనే ప్రమాణం ప్రకారం ట్రైనింగ్ అయిన అసెసర్ వచ్చి ఇంటి కొలతలతో పాటు తేమ ఎక్కడుంది, గాలి ఎలా ఆడుతోంది, ఇంట్లో ఎంతమంది ఉంటారు, వంటగదిలో ఎగ్జాస్ట్ పనిచేస్తోందా, అన్నీ చూస్తాడు. తర్వాత ఏ పని ముందు, ఏది వెనక అని వరస రాసిస్తారు. కొన్ని వందల పౌండ్లవుతుంది. ప్రభుత్వ గ్రాంట్ల కింద జరిగే పనులకి చాలావరకు ఈ పద్ధతే వాడతారు.

అమ్మేవాళ్లకి ఇది దండగ. విక్టోరియన్ కాలపు గట్టిగోడల ఇల్లు కొనుక్కుని ఇంకో ఇరవై ఏళ్లు ఉంచుకుందామనుకునేవాళ్లకి మాత్రం పనికొస్తుంది, ఎందుకంటే అలాంటి గోడకి లోపలివైపు ఇన్సులేషన్ వేసి గాలి దారి చూసుకోకపోతే రెండు శీతాకాలాల్లో మూలల్లో నల్లగా బూజు పడుతుంది. ఇంట్లో రోజూ పప్పు, చారు మరిగే కుటుంబం ఉంటే ఇంకా త్వరగా పడుతుంది, దీని గురించి ఈపీసీ కాగితంలో ఒక్క ముక్క ఉండదు.

| దారి | ఖర్చు | ఎంత టైమ్ | అమ్మకానికి, అద్దెకి చెల్లుతుందా | ఎవరికి |
|---|---|---|---|---|
| పాత ఈపీసీ | సున్నా | ఐదు నిమిషాలు | గడువుంటే చెల్లుతుంది | గ్రేడు సరిపోయినవాళ్లకి |
| ఏజెంట్ ప్యాకేజీ | కమిషన్ కలిపి ఎక్కువ | కొద్ది రోజులు | చెల్లుతుంది | ఊళ్లో లేని, మార్కులతో పనిలేని అమ్మకందారులకి |
| సొంతంగా అసెసర్ | 60–120 పౌండ్లు | రెండు మూడు రోజులు | చెల్లుతుంది | దాదాపు అందరికీ |
| డ్రాఫ్ట్ తర్వాత సర్టిఫికెట్ | ఇంకో ముప్పై, నలభై | పనులను బట్టి వారాలు | ఎక్కించాక చెల్లుతుంది | సీ గీత దగ్గరున్న ల్యాండ్‌లార్డ్‌లకి |
| రెట్రోఫిట్ అసెస్‌మెంట్ | వందల్లో | వారాలు | ఒక్కటే సరిపోదు, ఈపీసీ రిజిస్టర్‌లో ఉండాలి | పాత ఇల్లు ఎక్కువకాలం ఉంచుకునేవాళ్లకి |

ఆన్‌లైన్‌లో పది ప్రశ్నలడిగి "మీ ఇల్లు డీ" అని చెప్పే ఫ్రీ కాలిక్యులేటర్లు, థర్మల్ కెమెరా ఫొటోలు కూడా ఉన్నాయి. తెలుసుకోవడానికి బాగానే ఉంటాయి, ఈపీసీ స్థానంలో మాత్రం చెల్లవు.

## ఏ దారైనా, మార్కులు తెచ్చేది కాగితాలే

ఇక నా కథ. మాది 1930ల నాటి సెమీ, అంటే ఒకవైపు గోడ పక్కింటితో కలిసి ఉండే ఇల్లు. ఆ కాలం ఇళ్లలో చాలావాటికి బయటి గోడ రెండు పొరలుగా ఉంటుంది, మధ్యలో సందు. ఆ సందులో ఇన్సులేషన్ నింపుతారు. మేం కొనకముందే పాత ఓనరు నింపించాడు. గోడకి బయటినుంచి చిన్న రంధ్రాలు వేసి నింపుతారు కాబట్టి ఆ పూడ్చిన గుర్తులు ఇటుకల మధ్య వరసగా కనిపిస్తాయి, అసెసర్ వాటిని చూసినా ఒప్పుకుంటాడు. మా ఇంటికి ఆ తర్వాత మొత్తం ప్లాస్టరింగ్ చేసి రంగేశారు. గుర్తులు పోయాయి. ఏజెంట్ పంపిన అసెసర్ గోడ చూశాడు, ఏమీ కనపడలేదు, "ఇన్సులేషన్ లేదు, అంచనా" అని రాశాడు. 64, డీ.

ఆయన తప్పేమీ లేదు. రూల్ అది. చూసిందైనా రాయాలి, కాగితం చూపిస్తే అదైనా రాయాలి, రెండూ లేకపోతే ఇల్లు కట్టిన ఏడాదిని బట్టి ఆ కాలపు ఇళ్లు ఎలా ఉండేవో అదే ఉందనుకోవాలి. మీరు "నింపించాం సార్, నాకు తెలుసు" అన్నా నోటి మాట చెల్లదు.

సర్టిఫికెట్ ఇంటికొచ్చాక అందులో గోడల వరస చూసి ఉలిక్కిపడ్డాను. పాత సొలిసిటర్ పంపిన ఫైలు తీసి వెతికితే దొరకలేదు. అప్పుడు ఒక మిత్రుడు సీఐజీఏ గురించి చెప్పాడు. ఈ గోడ ఇన్సులేషన్‌కి 25 ఏళ్ల గ్యారంటీ ఇచ్చే సంస్థ అది. ఇంటి అడ్రస్ ఇచ్చి అడిగితే కాపీ వచ్చింది. ఈసారి నేనే అసెసర్‌ని పిలిచి ఆ కాగితం, కిటికీలు బిగించినప్పుడు ఇచ్చే ఫెన్సా సర్టిఫికెట్, వంటగది ఎక్స్‌టెన్షన్‌కి కౌన్సిల్ ఇచ్చిన బిల్డింగ్ కంట్రోల్ పత్రం టేబుల్ మీద పరిచాను. 71, సీ. రెండుసార్లు కట్టిన డబ్బు కాక ఇంకేమీ ఖర్చు కాలేదు.

ఆ రెండోసారి నేను వెనకాలే తిరిగాను కాబట్టి అసెసర్ ఏం చూస్తాడో తెలిసింది. లేజర్‌తో గదులు కొలిచాడు. కిటికీ రెండు అద్దాల మధ్య ఉండే అల్యూమినియం పట్టీ మీద టార్చ్ వేసి చూశాడు, దాని మీద చాలాసార్లు తయారైన ఏడాది ముద్రించి ఉంటుందట. 2002కి ముందా తర్వాతా అన్నదాన్ని బట్టి మార్కులు మారతాయి. బాయిలర్ మోడల్ నంబర్ ఫొటో తీశాడు. కరెంటు మీటర్ చూశాడు. రేడియేటర్ల పక్కన తిప్పే వాల్వులున్నాయా, హాల్లో థర్మోస్టాట్ ఉందా చూశాడు. బల్బులు లెక్కపెట్టాడు. ఆఖర్న నిచ్చెన వేసి అటక మీదికి తల, భుజాల దాకా పెట్టి స్కేలుతో దూది మందం కొలిచి ఫొటో తీశాడు.

మన ఇళ్లలో దెబ్బ పడేది ఆ అటక దగ్గరే. అటక నిండా బోర్డులు పరిచి, వాటి మీద ఇండియా వెళ్లొచ్చిన ప్రతిసారీ మిగిలిన సూట్‌కేసులు, పిల్లల ఉయ్యాల, బొమ్మల కొలువు పెట్టెలు. బోర్డు కింద ఏముందో ఆయన పీకి చూడడు. అటక తలుపు కిందే బీరువా జరిపి పెట్టి ఉంటే ఎక్కనే ఎక్కడు, "చూడటానికి వీల్లేదు" అని రాసి కట్టిన ఏడాదిని బట్టి ఊహించేస్తాడు. ముందురోజు ఒక గంట కేటాయించి తలుపు కింద ఖాళీ చేసి, ఒక మూల రెండు బోర్డులు ఎత్తి ఉంచండి. ఈ పనికి అయ్యే ఖర్చు నడుం నొప్పి ఒక్కటే.

ఇంకో చిన్న సంగతి. ముందు గది గోడకి బిగించిన పాత ఎలక్ట్రిక్ ఫైర్ ఉంటే, ఏళ్లుగా వాడకపోయినా, దాన్ని రెండో హీటర్‌గా లెక్కేస్తారు, మార్కులు తగ్గుతాయి. తీయించేయండి. వేడినీళ్ల సిలిండర్ ఉంటే 80 మిల్లీమీటర్ల తొడుగు వేయండి. బల్బులు ఎల్‌ఈడీ చేయండి. పెద్ద పనుల్లో మొదటిది అటక దూదే. 2027 మార్చి 31 దాకా ఇన్సులేషన్, థర్మోస్టాట్ కంట్రోళ్లు, సోలార్ లాంటివాటిని పనివాళ్లే తెచ్చి బిగిస్తే వ్యాట్ సున్నా, కొటేషన్‌లో 20 శాతం వేశాడేమో చూసుకోండి. కిటికీలకి ఈ రాయితీ లేదు.

బయటి వేడిని కరెంటుతో ఇంట్లోకి లాగే హీట్ పంప్ పెట్టిస్తే మార్కులు దూసుకుపోతాయనుకోవడం పొరపాటు. ఇప్పటి ఈపీసీ గ్రేడు ఇంటికి అయ్యే ఇంధనం బిల్లు మీద ఆధారపడి ఉంటుంది, ఇక్కడ యూనిట్ లెక్కన కరెంటు గ్యాస్ కన్నా చాలా ప్రియం. అందుకే గ్యాస్ బాయిలర్ తీసి హీట్ పంప్ పెట్టినవాళ్లకి కొన్నిసార్లు మార్కులు ఉన్నచోటే ఉంటాయి. 7,500 పౌండ్ల గ్రాంటు వస్తుంది, కార్బన్ తగ్గుతుంది, పెట్టించుకోండి, కానీ సీ గ్రేడు కోసమే అయితే ముందు డ్రాఫ్ట్ లెక్క అడగండి. పాత లెక్క స్థానంలో హోమ్ ఎనర్జీ మోడల్ అనే కొత్తది తెచ్చే ప్రయత్నం నడుస్తోంది, అది వస్తే ఈ తూకం మారుతుంది.

## మీరు ఎవరు?

నెలలో అమ్మేద్దామనుకునేవాళ్లు. రిజిస్టర్ చూడండి, గడువు లేకపోతే సొంతంగా అసెసర్‌ని పిలవండి. గ్రేడు కోసం వేలు ఖర్చు పెట్టకండి, కొనేవాడు వంటగది చూసి కొంటాడు. ఒక్క మినహాయింపు: మీ ఇల్లు సాధారణంగా అద్దెకిచ్చేవాళ్లే కొనే చిన్న ఫ్లాట్ అయ్యి, గ్రేడు ఎఫ్ దగ్గర ఉంటే మాత్రం పైకి లాగండి, ఆ కొనేవాళ్లు మొదట అడిగేది అదే.

డీ గ్రేడు ఇల్లు అద్దెకిస్తున్నవాళ్లు. నాలుగో దారి, కళ్లు మూసుకుని. ఇప్పుడు తొందరేమీ లేదు కాబట్టే ఇప్పుడు చేయించుకోవాలి, టెనెంట్ మారే మధ్యలో ఇల్లు ఖాళీగా ఉన్న వారం దొరికితే ఇంకా మంచిది. పక్కింటి ఈపీసీ కూడా చూడండి. గోడకి గోడ ఆనుకున్న అలాంటి ఇంటికే 73 వచ్చి మీకు 62 వచ్చిందంటే, వాళ్లేం చేశారో సర్టిఫికెట్‌లో వరసగా రాసి ఉంటుంది.

ఎఫ్, జీ ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు. ఇప్పటి రూల్ ప్రకారం వ్యాట్‌తో కలిపి 3,500 పౌండ్ల దాకా ఖర్చు పెట్టాలి. అంత పెట్టినా 'ఈ' రాకపోతే ఐదేళ్ల మినహాయింపు రిజిస్టర్ చేసుకోవచ్చు. ఆ మినహాయింపు దానంతట అది రాదు, మీరే ఆధారాలతో రిజిస్టర్ చేయాలి. "మా ఇల్లు ఎంత చేసినా రాదండీ" అని ఊరుకుంటే జరిమానాకి ఆ మాట అడ్డం రాదు.

కరెంటు హీటర్ల ఫ్లాట్ ఉన్నవాళ్లు. లీజ్‌హోల్డ్ ఫ్లాట్‌లో, అంటే నిర్ణీత కాలానికి హక్కు కొన్న ఫ్లాట్‌లో, గోడలు మీవి కావు, కప్పు మీది కాదు, చేతిలో ఉన్నది హీటర్లూ బల్బులే. పగలు రేటుతో నడిచే మామూలు ప్యానెల్ హీటర్లు ఉంటే మార్కులు దారుణంగా పడతాయి. రాత్రి చవక కరెంటుతో వేడెక్కే కొత్తరకం స్టోరేజ్ హీటర్లు, దానికి తగ్గ మీటర్ ఉంటే బాగా లేస్తాయి. గోడకి ఏదైనా చేయాలంటే ఫ్రీహోల్డర్ (బిల్డింగ్ అసలు యజమాని) అనుమతి ఈమెయిల్‌లో అడగండి. కాదన్నారనుకోండి, ఆ కాదన్న ఈమెయిలే రేపు మినహాయింపుకి మీ ఆధారం.

కొత్త బిల్డ్ కొన్నవాళ్లు. 2015, 2016లో కొత్త ఎస్టేట్లలో ఇళ్లు తీసుకున్నవాళ్లకి బిల్డర్ ఇచ్చిన బీ గ్రేడు గడువు ఇప్పుడే ముగుస్తోంది. అది డ్రాయింగుల మీద వేసిన పూర్తి లెక్క, ఇప్పుడొచ్చే అసెసర్ వేసేది సర్వే లెక్క. బిల్డర్ ఇచ్చిన ఫైలు, పాత సర్టిఫికెట్ ప్రింటు దగ్గర పెట్టుకోండి, లేకపోతే బీ కాస్తా సీ అవ్వడం మామూలే. అద్దెకి సీ చాలు కాబట్టి కంగారు పడక్కర్లేదు.

ఇండియా తిరిగొచ్చేసి ఇల్లు ఏజెంట్‌కి అప్పగించినవాళ్లు. గచ్చిబౌలిలో కూర్చుని స్విండన్ ఇంటి అసెసర్ వెనక తిరగలేరు, అర్థమవుతుంది. ఏజెంట్‌తో చేయించినా సరే, కాగితాలన్నీ స్కాన్ చేసి ఏజెంట్‌కి కాకుండా అసెసర్‌కే నేరుగా పంపండి, ఆయన ఈమెయిల్ అడిగి తీసుకోండి. మా మిత్రుడు ఒకరు అసెసర్ వచ్చిన టైమ్‌కి టెనెంట్ ఫోన్‌కి వీడియో కాల్ చేసి, "అన్నా, అటక తలుపు బాత్రూమ్ బయట కాదు, చిన్న బెడ్‌రూమ్ అల్మారాలో ఉంది" అని హైదరాబాద్ నుంచి దారి చూపించాడు. పాత ఈపీసీలో ఆ అటకకి "చూడటానికి వీల్లేదు" అనే ఉంది.

స్కాట్లండ్‌లో ఉన్నవాళ్లకి ఇవన్నీ కొంచెం వేరు, అక్కడ అమ్మేటప్పుడు ఈపీసీ హోమ్ రిపోర్ట్ అనే కాగితాల కట్టలో భాగంగా వస్తుంది, విడిగా పిలిచే పని చాలాసార్లు ఉండదు.

## అసెసర్‌కి ఫోన్ చేసినప్పుడు అడగాల్సినవి

ఏ స్కీమ్‌లో సభ్యులు? ధరలో రిజిస్టర్ ఫీజు కలిసిందా? నా దగ్గర ఫలానా కాగితాలున్నాయి, ఏవి ఒప్పుకుంటారు? ఎక్కించే ముందు డ్రాఫ్ట్ చూపిస్తారా? ఆఖరి ప్రశ్నకి నేను ఫోన్ చేసిన మొదటి ఇద్దరూ "అలా చేయం" అన్నారు. మూడో ఆయన మాత్రం "చూపిస్తా, కానీ అటక తలుపు కింద ఏమీ పెట్టకండి, మొన్న ఒకరింట్లో గ్రైండర్ పెట్టారు, నలుగురం పట్టుకున్నా కదల్లేదు" అన్నాడు. ఆయన్నే పిలిచాను.